స్వల్ప శారీరక కారణాలు

నగర నీటి మండలిలో పరిపాలన ఒక్కసారిగా చురుకందుకున్నది అధ్యక్షులవారి దూరదృష్టి వల్లనేనని, ప్రధాన కార్యాలయం మెట్ల పక్కన గోడకు బిగించిన ఇత్తడి ఫలకం స్పష్టంగా చెబుతోంది. కాదు, అధ్యక్షులవారి పొత్తికడుపు కింద ఉసిరికాయంత ఉండాల్సిన ఒక గ్రంథి బత్తాయికాయంత అయి కూర్చోవడం వల్లనని కొందరు గిట్టనివాళ్లు అంటారు. గిట్టనివాళ్ల మాటలు పట్టించుకోకూడదు. కాకపోతే వాళ్లు చెప్పేదే నిజం కాబట్టి, ఆ వివరాలు ప్రజాహితం కోరి కింద పొందుపరచడమైనది.

అంతకుముందు మండలి సమావేశాలు ఎలా జరిగేవో తెలిస్తే గాని ఈ మార్పు గొప్పతనం బోధపడదు. అధ్యక్షులవారికి సమావేశమంటే ప్రాణం. పొద్దున మొదలైతే, సభ్యులు తెచ్చుకున్న భోజనాలు చల్లారి గట్టిపడేదాకా సాగేది. ఫలానా వీధిలో గొట్టం పగిలిందన్న సంగతితో మొదలై, నీటికీ నాగరికతకూ గల సంబంధం మీదుగా, నేటి యువతరం నిర్లక్ష్యాన్ని తాకి, అధ్యక్షులవారు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎంత కష్టపడ్డారో అక్కడికి చేరేది. గొట్టం సంగతి వచ్చే సమావేశానికి వాయిదా పడేది. ఈలోగా పగిలిన గొట్టం తన పని తాను చేసుకుపోయేది.

మధ్యలో సభ్యులు లేచి వెళ్లడం అధ్యక్షులవారికి ఒళ్లుమంట. అందుకని తానే స్వయంగా ఒక నియమం రాశారు. సమావేశం మొదలవగానే బంట్రోతు బయటినుంచి తలుపు గడియ పెట్టాలి. అధ్యక్షులవారు గంట కొట్టి "సభ ముగిసింది" అనేదాకా తీయరాదు. స్వల్ప శారీరక కారణాలపై సభ్యులెవరూ బయటికి పోరాదు. స్వల్ప శారీరక కారణాలంటే ఏమిటో నియమంలో వివరించలేదు. వివరణ కోరినవాళ్లూ లేరు.

ఒక్క లెక్కల అధికారి మాత్రం ఓసారి సాహసించాడు. ఆయన నెమ్మదస్తుడు, పెద్ద వయసువాడు. నోరు తెరిచి అడగలేక, చిన్నప్పుడు బడిలో చేసినట్టే చిటికెనవేలు పైకెత్తి చూపించాడు. అధ్యక్షులవారు ప్రసంగం ఆపి ఆ వేలిని కాసేపు తేరిపార చూశారు.

"మిత్రులారా," అన్నారు. "ఈ వేలు చూడండి! నగరం మొత్తం దాహాన్ని అదుపులో పెట్టాల్సిన వాళ్లం మనం. మన సొంత అవసరాన్నే అదుపులో పెట్టుకోలేకపోతే ఎలా? నిగ్రహం! నిగ్రహమే పరిపాలన! మన పెద్దలు..."

పెద్దల నిగ్రహం గురించిన ఆ ఉపన్యాసం చాలాసేపు సాగింది. లెక్కల అధికారి అంతసేపూ కాలు మీద కాలు వేసుకుని, కాలు మార్చుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. ఆయన భక్తికి అధ్యక్షులవారు ఎంతో సంతోషించారు. ఆనాటినుంచి సమావేశం ఉన్న రోజున నీటి మండలిలో ఎవరూ నీళ్లు ముట్టుకునేవారు కాదు.

అలాంటి అధ్యక్షులవారు, అరవై దాటిన కొత్తలో, ఇంట్లో రాత్రిళ్లు లేచి తిరగడం మొదలుపెట్టారు. మొదట ఆయన భార్య దొంగ పడ్డాడనుకుని చీపురు పుచ్చుకుని వచ్చింది. దొంగ కాదు, మొగుడేనని తెలిశాక ఆమెకు కాస్త నిరాశ కూడా కలిగింది. దొంగయితే రాత్రికి ఒక్కసారే వస్తాడు.

"ఏమండీ, డాక్టరుకి చూపించుకోండి," అందామె. "వెళితే వెళ్లినచోటే ఉండిపోతున్నారు, వచ్చిన రెండు నిమిషాలకే మళ్లీ లేస్తున్నారు."

"నీళ్లు ఎక్కువ తాగాన్లే."

"ఎక్కడ తాగారు? మీ ఆఫీసులో నీళ్లు తాగడం నిషేధం కదా!"

అధ్యక్షులవారు ఆ మాట చెవిన వేసుకోలేదు. మగవాడు పన్నునొప్పి గురించి నలుగురిలో చెప్పుకోవచ్చు, మోకాలి నొప్పి గురించి సభలో చెప్పుకోవచ్చు, గుండె నొప్పి అయితే పత్రికలోనే వేయించుకోవచ్చు. ఇది మాత్రం కట్టుకున్న భార్యకు కూడా అబద్ధం చెప్పవలసిన నొప్పి అన్నది ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకంలో ఆయన ఒంటరివాడేమీ కాదు.

సంస్కరణల శకం ఒక సోమవారం మొదలైంది. బడి వీధిలో గొట్టం పగిలిన విషయం చర్చకు వచ్చింది. పగిలింది జానెడు మేర. మండలి సంప్రదాయం ప్రకారం వీధిని ఆ చివరినుంచి ఈ చివరిదాకా తవ్వాలి. కందకం ఎంత పొడుగుంటే పని అంత గొప్పది, ప్రారంభోత్సవ ఫలకం అంత పెద్దది. అధ్యక్షులవారు కందకాల విశిష్టత మీద మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కసారిగా ఆగిపోయారు. మొహాన చెమటలు పట్టాయి. కళ్లు తలుపు మీదికి పోయాయి. తలుపు అవతల బంట్రోతు నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తూ గడియ పెట్టుకుని కూర్చున్నాడు.

తాను రాసిన నియమాన్ని తానే ఎలా మీరడం? చట్టబద్ధంగా ఆ గదిలోంచి బయటపడే దారి ఒక్కటే ఉంది. అధ్యక్షులవారు గంట కొట్టారు.

"సభ ముగిసింది!"

"అయ్యా, మరి గొట్టం?" అన్నాడు ఇంజనీరు.

"బాగు చెయ్యండి!" అని అప్పటికే వరండాలోకి చేరిన గొంతు వినిపించింది.

వీధంతా తవ్వడానికి అనుమతి రాయించుకునే వ్యవధి లేకపోయింది. వేరే గతిలేక, పగిలినచోట మాత్రమే చిన్న గొయ్యి తీసి బాగుచేసి, మళ్లీ పూడ్చేశారు. మర్నాటికి బడి వీధిలో నీళ్లొచ్చాయి. ఏదో పొరపాటు జరిగిందనుకుని వీధివాళ్లు భయంతో బిందెలన్నీ నింపిపెట్టుకున్నారు.

ఆ తర్వాత జరిగిన ప్రతి సమావేశమూ అంతకంతకూ కుదించుకుపోయింది. నాగరికత మొదట పోయింది. తర్వాత యువతరం పోయింది. చివరికి "ఏమిటి సమస్య, ఏం చేద్దాం, చెయ్యండి" అన్న మూడు ముక్కలు మిగిలాయి. సభ్యులు వేడి భోజనం తినసాగారు. లెక్కల అధికారి మొహం మీద ఏళ్లతరబడి లేని కళ వచ్చింది. ఆయన సమావేశం రోజున గ్లాసుడు మంచినీళ్లు తాగాడని విన్నవాళ్లు ముందు నమ్మలేదు.

ఇక రెండో సంస్కరణ. అధ్యక్షులవారి గదికి ఆనుకుని సొంత మరుగుదొడ్డి ఉండేది. నీటి మండలి ప్రధాన కార్యాలయం కనుక దానికి నీళ్లు రావు. అందుకని ఎప్పుడో దాన్ని పాత కాగితాల గదిగా మార్చారు. నీళ్లొచ్చే మరుగుదొడ్డి వరండా చివర ఉంది. అక్కడికి పోవాలంటే ఫిర్యాదుల విభాగం, లెక్కల విభాగం, నమూనాల విభాగం అన్నీ దాటుకుంటూ పోవాలి. అధ్యక్షులవారు రోజంతా ఆ వరండాలో ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ గాలిదుమారంలా తిరగసాగారు. ఎవరినీ చూడరు, ఎవరి నమస్కారమూ అందుకోరు, మొహం చూస్తే భయమేస్తుంది. ఇలాంటి ఆకస్మిక తనిఖీలు సిబ్బంది కనీవినీ ఎరుగరు. కబుర్లు కట్టిపెట్టి కుర్చీలకు అతుక్కుపోయారు. అతుక్కుపోయాక చేసేదేమీ తోచక పని చేశారు.

నగరంలో కొళాయిలు వేళకు రావడం మొదలైంది. పత్రికలు "నిద్రపోని అధ్యక్షుడు" అని రాశాయి. ఆ వార్త ఇచ్చింది తన భార్యేనని ఆయన అనుమానించారు గానీ, పాపం ఆమెకేమీ తెలియదు.

చివరికి ప్రభుత్వం వారు ఆయన సేవలను గుర్తించి, చురుకైన పాలనకు గాను ఇత్తడి ఫలకం బహూకరించదలచారు. పెద్ద సభ ఏర్పాటు చేశారు. వేదిక మీద మంత్రిగారి పక్కనే అధ్యక్షులవారి కుర్చీ. ఎదురుగా కెమెరాలు. మంత్రి మాట్లాడుతుండగా వేదిక దిగిపోవడమంటే ఉద్యోగం దిగిపోవడమేనని అధ్యక్షులవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

"వేగం!" అన్నారు మంత్రిగారు. "వేగం గురించి క్లుప్తంగా నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. సోదరులారా, క్లుప్తత అంటే ఏమిటి? మొదట దాని పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం..."

అధ్యక్షులవారు కాలు మీద కాలు వేసుకున్నారు. కాలు మార్చుకున్నారు. కళ్లు మూసుకున్నారు. పళ్లు బిగించారు. ఆయన తన్మయత్వం కెమెరాల్లో అద్భుతంగా వచ్చింది. జనంలో పిల్లలు నిద్రపోయి, లేచి, ఆకలని ఏడ్చి, మళ్లీ నిద్రపోయాక మంత్రిగారు క్లుప్తతను ముగించారు. ఫలకం చేతిలో పడగానే అధ్యక్షులవారు పరుగందుకున్నారు. చేరవలసిన చోటికి చేరారు. నిలబడ్డారు. ఏమీ కాలేదు. ఇంకాసేపు నిలబడ్డారు. చుక్క రాలేదు. లోపల కడుపు పగిలిపోతోంది, బయటికి దారి లేదు. ఊరందరికీ నీళ్లు వదిలే మనిషి, ఇత్తడి ఫలకం చంకలో పెట్టుకుని, గోడకు తల ఆనించి, జీవితంలో మొదటిసారి నిజంగా భయపడ్డారు. ప్రాణం పోతుందేమోనని కాదు, ఇలా పోతుందేమోనని.

ఆయన భార్య బయట ఎవరినీ ఏమీ అడగలేదు. భర్త మొహం చూసి, చెయ్యి పట్టుకుని, నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ ఆ జబ్బులు చూసే డాక్టరు ఒక అమ్మాయి, ఆయన కూతురి వయసుది. అధ్యక్షులవారు మొహం గోడకు తిప్పేసుకున్నారు. విషయమంతా భార్యే చెప్పింది, చీపురు సంగతితో సహా.

డాక్టరమ్మ సన్నని గొట్టం ఒకటి లోపలికి పంపింది. మంచం పక్కన వేలాడుతున్న సంచీ నిండడం మొదలుపెట్టింది. అధ్యక్షులవారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫలకం ఇచ్చినప్పుడు రాని ఆనందం, కూతురు పుట్టినప్పటి ఆనందం లాంటిది, ఒళ్లంతా పాకింది. ఆయన భార్య చెయ్యి పట్టుకున్నారు.

"ఏమేవ్, ఆ గదిలో గడియ పెట్టించి వాళ్లనెంత ఏడిపించానో ఇప్పుడు తెలిసిందే. ఆ లెక్కలాయన పాపం చిటికెనవేలు చూపిస్తే, దానిమీద ఉపన్యాసం ఇచ్చాను. కోలుకుని వెళ్లగానే మొట్టమొదట ఆ గడియ పీకించేస్తాను. నీమీదొట్టు!"

"నామీదెందుకండీ?" అందామె. "ఆ గొట్టం మీద ఒట్టేయండి. గుర్తుంటుంది."

ఆయన నిజంగానే గొట్టం మీద చెయ్యి వేసి ఒట్టేశారు. ఆ క్షణంలో ఆయనంత మంచివాడు ఆ నగరంలో లేడని మేము ఘంటాపథంగా చెప్పగలం.

మర్నాడు డాక్టరమ్మ బొమ్మ గీసి వివరించింది. "గొట్టంలో దోషం లేదండీ. చుట్టూ ఉన్న గ్రంథి పెరిగి గొట్టాన్ని నొక్కేస్తోంది. దారి ఇరుకైపోయింది."

ఇది అధ్యక్షులవారికి తెలిసిన విద్య. "అయితే మొత్తం తవ్వాలి," అన్నారు గంభీరంగా.

"తవ్వడమేం అక్కర్లేదండీ. దారిలోంచే సన్నటి పరికరం పంపించి, పెరిగినచోట కొంచెం కొంచెం ఆవిరి వదులుతాం. ఆ కండ మెల్లగా కుంచించుకుపోయి దారి విడుస్తుంది. కోత లేదు, కుట్లు లేవు. సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు."

"ఆవిరా? ఏం ఆవిరి?"

"నీళ్ల ఆవిరే. మీ శాఖ సరుకే."

అధ్యక్షులవారి మొహం చిన్నబోయింది. ఆయన హోదా ఏమిటి, ఈ వైద్యమేమిటి? ఆయన భార్యకు అన్నగారు ఒకాయన ఉన్నాడు. ఏనాడో ఇదే జబ్బుకు పొట్ట కోయించుకుని, నెలల తరబడి మంచం మీద ఉండి లేచినవాడు. నాటినుంచి నేటివరకు చుట్టాలు నలుగురు చేరితే చాలు, చొక్కా ఎత్తి కుట్లు చూపిస్తాడు. ఆ కుట్ల వల్లనే ఇంట్లో ఆయన మాటకు ఎదురులేదు. రేపు తాను ఏం ఎత్తి ఏం చూపించాలి?

"అమ్మా, పైన ఎక్కడైనా, చిన్నవైనా సరే, ఓ నాలుగు కుట్లు..." అన్నారు బతిమాలుతూ.

"కొయ్యందే ఏం కుడతామండీ?" అని నవ్వింది డాక్టరమ్మ. "ఇరుకైంది ఒక్కచోట. ఒక్కచోట బాగుచేస్తే సరిపోయేదానికి ఒళ్లంతా తవ్వుకుంటారా ఎవరైనా? అన్నట్టు, మా వీధి తవ్వించింది మీరేనా? ఆ కందకంలో నా బండి ఇప్పటికీ రోజూ దిగి ఎక్కుతోంది."

అధ్యక్షులవారు వెంటనే వైద్యానికి అంగీకారం తెలిపారు.

ఈ విషయం పరమ రహస్యం కాబట్టి కార్యాలయంలో అందరికీ తెలిసిపోయింది. లెక్కల అధికారి నాయకత్వంలో సిబ్బంది పూలగుత్తి పట్టుకుని ఆసుపత్రికి వచ్చారు. అధ్యక్షులవారిని పలకరించాక, డాక్టరమ్మను విడిగా పక్కకు పిలిచారు.

"డాక్టరమ్మా, అంత తొందరేముందండీ?" అన్నాడు లెక్కల అధికారి వినయంగా. "మందులతో ఇంకొన్నాళ్లు నెట్టుకురాలేమా? ఓ రెండు మూడేళ్లు?"

"ఎందుకండీ? ఆయన బాధపడుతున్నారు కదా."

"నిజమేననుకోండి. కానీ ఆయన బాధపడుతుంటే నగరానికి చాలా మంచి జరుగుతోంది."

పై అధికారి మీద ఇంత ఆత్మీయత డాక్టరమ్మ ఎక్కడా చూడలేదు. ఆయన హాయిగా తిరిగొస్తారని ధైర్యం చెప్పింది. కొన్నాళ్లు మంట ఉంటుందని, వారాలు గడిచేకొద్దీ తగ్గుతుందని, ఆ తర్వాత మామూలు మనిషైపోతారని వివరించింది. "మరి మళ్లీ పెరగదా?" అని అడిగాడు లెక్కల అధికారి, కాస్త ఆశగా. "చాలామందికి పెరగదు. కొందరికి కొన్నేళ్లకు పెరగొచ్చు," అందామె. అందరూ ఆ చివరి మాట జాగ్రత్తగా మనసులో దాచుకుని వెళ్లారు.

వైద్యం ఎంత తేలిగ్గా జరిగిపోయిందో చెప్పడానికి మాకే నామోషీగా ఉంది. అధ్యక్షులవారు నడుచుకుంటూ లోపలికి వెళ్లి, కాస్త మత్తులో తూగి, సాయంత్రానికి నడుచుకుంటూ ఇంటికొచ్చారు. బావగారు పరామర్శకు వచ్చి, కుట్లు చూపించమన్నాడు. లేవని తెలిశాక అనుమానంగా చూశాడు.

"అయితే ఏమీ చెయ్యలేదన్నమాట," అన్నాడు పెదవి విరిచి, తన చొక్కా ఎత్తుతూ.

గొట్టం మరికొన్ని రోజులు ఉంది. అది ఉన్నన్నాళ్లూ అధ్యక్షులవారు అందరితో మెత్తగా మాట్లాడారు, వంటింట్లోకి వెళ్లి భార్యకు కూరలు తరిగిచ్చారు, గడియ పీకించే సంగతి రోజూ తలుచుకున్నారు. తర్వాత డాక్టరమ్మ గొట్టం తీసేసింది. కొన్నాళ్ల మంట తర్వాత దారి విశాలమైంది. ధార కుర్రతనం నాటిదైంది. రాత్రి పడుకుంటే తెల్లారిగాని మెలకువ లేదు. ఆయన భార్య ఎన్నో నెలల తర్వాత కంటినిండా నిద్రపోయింది. ఆ ఇంటికిది నిజంగా పండగే.

అధ్యక్షులవారు తిరిగి విధుల్లో చేరిన రోజున సమావేశం ఏర్పాటైంది. సభ్యులు అలవాటు ప్రకారం నీళ్లు తాగి వచ్చారు. బంట్రోతు గడియ పెట్టాడు. మార్కెట్ వీధిలో గొట్టం పగిలిందని ఇంజనీరు చెప్పాడు. అధ్యక్షులవారు హాయిగా వెనక్కి వాలారు. ఒంట్లో ఎక్కడా ఏ తొందరా లేదు. మనసు నిర్మలంగా ఉంది. "మిత్రులారా," అన్నారు, "నీటికీ నాగరికతకూ ఉన్న సంబంధం..."

నాగరికత అయింది. యువతరం అయింది. భోజనాలు చల్లారాయి. అప్పుడు లెక్కల అధికారి, కళ్లు చెమ్మగిల్లుతుండగా, మెల్లగా చిటికెనవేలు ఎత్తాడు.

అధ్యక్షులవారు ఆగారు. ఆ వేలిని చూస్తుంటే ఏదో గుర్తొచ్చినట్టయింది. దేనిమీదో చెయ్యి వేసి ఏదో అన్నట్టు, ఎవరికో ఏదో బాకీ ఉన్నట్టు. గంట మీదికి చెయ్యి కూడా పోయింది. ఏమిటది? పొత్తికడుపు వైపునుంచి ఏమైనా కబురు వస్తుందేమోనని క్షణంపాటు ఎదురుచూశారు. అక్కడ అంతా ప్రశాంతం. చెయ్యి వెనక్కొచ్చింది.

"ఈ వేలు చూడండి!" అన్నారు. "నిగ్రహం ఉంటే ఏదైనా సాధ్యమే. అంతెందుకు, నన్నే చూడండి..."

ఆ సాయంత్రం భోజనం వడ్డిస్తూ ఆయన భార్య అడిగింది. "గడియ పీకించారా?"

"ఏ గడియ?" అన్నారు అధ్యక్షులవారు, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఆమె కూరగిన్నె మీద మూత పెట్టేసింది. "ఆ గొట్టం తీసేసిననాడే అనుకున్నాను," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఈ వైద్యం వల్ల చెప్పుకోదగ్గ దుష్ఫలితాలు లేవని డాక్టరమ్మ చెప్పింది నిజమే. వైద్యశాస్త్రానికి అందని ఈ మతిమరుపు ఒక్కటి ఆమె లెక్కలోకి రాదు. మార్కెట్ వీధిని ఆ చివరినుంచి ఈ చివరిదాకా తవ్వారు. ఫలకానికి రాయి చెక్కిస్తున్నారు. సిబ్బంది నిరాశపడలేదు. సమావేశంలో అధ్యక్షులవారి ముందు ఇప్పుడు పెద్ద కూజా నిండా చల్లని నీళ్లు పెడుతున్నారు. గ్లాసు ఖాళీ కాగానే లెక్కల అధికారి స్వయంగా లేచి నింపుతున్నాడు. తన మీద సిబ్బందికి గౌరవం పెరిగిందని అధ్యక్షులవారు ఇంట్లో చెప్పుకుని మురిసిపోతున్నారు. కొందరికి కొన్నేళ్లకు మళ్లీ పెరగొచ్చునన్న ఒక్క మాటతో ఆ కార్యాలయం నడుస్తోంది.

పాఠకులలో ఇలాంటి అధ్యక్షుల కింద పనిచేసేవారికి మాదొక్కటే ప్రశ్న. మీ పై అధికారి ఆరోగ్యం ఎలా ఉంది? బాగానే ఉందంటారా? అయితే మా ప్రగాఢ సానుభూతి. ఇక పై అధికారులైన పాఠకులు ఇంతసేపూ కుర్చీలోంచి లేవకుండా, హాయిగా నవ్వుకుంటూ ఇది చదివి ఉంటే, వారికి వైద్యపరీక్ష అవసరం లేదు. వారి తలుపు అవతల ఎవరైనా గడియ పెట్టుకుని కూర్చున్నారేమో ఒకసారి చూసుకుంటే చాలు.